ఇరుకూ ఖాళీ ఒకే దవడలో

మా పనిలో మనిషి ముఖం కనపడదు, పళ్ళే కనపడతాయి. మాది ఉప్పలగుప్తం. అమలాపురంలో ఒక డెంటల్ లాబ్‌లో టెక్నీషియన్ని. డాక్టరుగారు రోగి నోట్లో ట్రే పెట్టి తీసిన అచ్చు మా బల్లమీదికి వస్తుంది. అందులో డెంటల్ స్టోన్ కలిపి పోస్తాం. గట్టిపడ్డాక అచ్చు ఊడదీస్తే ఆ మనిషి దవడ ఇంకా కాస్త వెచ్చగా ఉండగానే చేతిలోకి వస్తుంది. కట్టుడుపళ్ళ సెట్లు, క్యాపులు, ప్లేట్లు అన్నీ దానిమీదే తయారవుతాయి. ఏళ్ళ తరబడి ఇదే పని కాబట్టి మోడల్ చూసి ఆ మనిషి ఏ వైపు నములుతున్నాడో, నిద్రలో పళ్ళు కొరుకుతున్నాడో లేదో చెప్పగలను. పేరు అడిగితే మాత్రం చెప్పలేను. పెట్టెమీద నంబరే ఉంటుంది.

పని అయిపోయిన మోడళ్ళు కొన్నాళ్ళు ఉంచి పారేస్తాం. గ్రహణం మొర్రితో పుట్టిన పిల్లలవి మాత్రం నేను పారెయ్యను. పై అరలో విడిగా పెడతాను. ఎందుకంటే ఆ పిల్లలు మళ్ళీ వస్తారు. రెండేళ్ళకో నాలుగేళ్ళకో కొత్త అచ్చు వస్తుంది. పాతదాని పక్కన పెట్టి చూస్తేగాని మధ్యలో ఏం జరిగిందో తెలీదు. అసలు ఈ పిల్లల పళ్ళ సంగతి ఒక్క మోడల్‌తో అర్థమయ్యేది కూడా కాదు.

పళ్ళు ఒకదానిమీద ఒకటి ఎక్కిన దవడలు రోజూ చూస్తాం. సందులు సందులుగా ఉన్నవీ చూస్తాం. మామూలు మనుషుల్లో సాధారణంగా ఏదో ఒకటే ఉంటుంది. దవడ చిన్నదై పళ్ళు పెద్దవైతే ఇరుకు, దవడ పెద్దదై పళ్ళు చిన్నవైతే సందులు. మొర్రి పిల్లల పైదవడలో ఈ రెండూ కలిసే ఉంటాయి. ఇక్కడ చోటు చాలక పళ్ళు తోసుకుంటుంటే, రెండు వేళ్ళ అవతల పన్నే లేక బోసిగా ఉంటుంది. ఆ బోసిలో చోటుంది కదా, ఇరుక్కున్న పన్నుని అందులోకి జరిపేస్తే సరిపోదా అని మా లాబ్‌లో కొత్తగా చేరిన కుర్రాళ్ళందరూ అడుగుతారు. సరిపోదు. ఎందుకో చెప్పాలంటే ఒక పిల్లాడి మోడల్ చూపించాలి.

మా మండలంలోనే సముద్రం వైపు ఊరి పిల్లాడు. తండ్రి రొయ్యల చెరువు మీద కాపలా. ఎడమవైపు పెదవి, చిగురు, అంగిలి మూడూ చీలి పుట్టాడు. పెదవి మూడో నెలలో, అంగిలి ఏడాది దాటాక కుట్టారు. నా దగ్గరున్నది తొమ్మిదేళ్ళ వయసులో తీసిన మోడల్. పైదవడ తిరగేసి పట్టుకుంటే ఒక్క వంపుగా ఉండాల్సింది రెండు ముక్కలుగా కనిపిస్తుంది, కుడివైపు పెద్దది, ఎడమవైపు చిన్నది. చిన్న ముక్క ముందు కొస లోపలికి ఒరిగిపోయి పెద్ద ముక్క వెనక్కి దూరింది. చీలిక పక్కన ఉన్న ముందుపన్ను నిటారుగా లేదు. తన ముఖాన్ని సందు వైపు తిప్పుకుని పక్కకి వాలింది. దాని పక్కన ఉండాల్సిన చిన్న ముందుపన్ను లేదు. దాని బదులు చిగురు అంచున, కాస్త లోపలికి, మొన తేలిన బుల్లి పన్నొకటి మొలిచింది. అది లెక్కలో లేని పన్ను. వెనక పాలపళ్ళు ఒకదాన్నొకటి నొక్కుకుంటున్నాయి. కిందిదవడ మోడల్ తెచ్చి కలిపితే, పైపళ్ళు కిందిపళ్ళను కప్పాల్సింది పోయి, ముందూ ఎడమ పక్కా కిందివే బయటికి వచ్చి పైవాటిని కప్పేశాయి. అంగిట్లో కుట్టిన గీతలు ప్లాస్టర్‌లో కూడా గట్లు గట్లుగా తెలుస్తున్నాయి.

ఇన్ని తేడాలూ ఒకే చోటు నుంచి మొదలవుతాయి. గర్భంలో ముఖం ఒక్కముక్కగా తయారు కాదు. ముక్కు వైపు నుంచి దిగిన భాగం, రెండు బుగ్గల వైపుల నుంచి వచ్చిన భాగాలు నాలుగో వారం నుంచి దగ్గరికొచ్చి అతుక్కుంటూ ఎనిమిదో వారానికల్లా పైపెదవి అవుతాయి. అంగిలి ఆ తర్వాత, దాదాపు పన్నెండో వారానికి మూసుకుంటుంది. చాలామంది తల్లులకి కడుపుతో ఉన్నామని తెలిసే లోపే ఈ పని మొదలైపోయి ఉంటుంది. ఆ అతుకు పడకపోతే చీలిక. చిన్న ముందుపన్ను మొగ్గ పుట్టేది సరిగ్గా ఆ అతుకు దగ్గరే. అందుకే చీలిక ఉన్నచోట ఆ మొగ్గ పుట్టకుండా పోవచ్చు, రెండుగా చీలి ఇటో పన్ను అటో పన్నుగా రావచ్చు, వచ్చినా పుల్లలా సన్నగా రావచ్చు. మొర్రి లేనివాళ్ళలో ఆ పన్ను పుట్టుకతోనే లేనివాళ్ళు నూటికి ఇద్దరు ఉంటారేమో. మొర్రి వైపున మాత్రం అన్నిటికంటే ఎక్కువగా తప్పిపోయే పన్ను అదే.

పేరులో ఉన్నా, గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం పూట కత్తిపీట ముట్టుకున్నావని తల్లిని ఆడిపోసుకునే ఇళ్ళు మా పక్క ఇంకా ఉన్నాయి. గ్రహణాలు వచ్చేది ఐదో నెలలోనో ఏడో నెలలోనో అయితే అప్పటికి ఆ పెదవి ఎప్పుడో తయారైపోయి ఉంటుందని కూడా ఎవరూ ఆలోచించరు. కారణం కావచ్చని తెలిసినవి వేరే ఉన్నాయి. జన్యువులు, తల్లికి ఫోలిక్ యాసిడ్ చాలకపోవడం, పొగ, మూర్ఛకి వాడే కొన్ని మందులు. చాలామందిలో ఫలానా కారణమని వేలుపెట్టి చూపించడం కుదరదు.

మన దగ్గరి లెక్క ఒకటుంది. హైదరాబాద్‌లో జీఎస్ఆర్ సంస్థ సర్జన్ గోస్లా శ్రీనివాస్ రెడ్డి, ఆయన సహచరులు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కోస్తా, రాయలసీమ, తెలంగాణల నుంచి ఒక్కో జిల్లా ఎంచుకుని అక్కడి కాన్పుల వివరాలు సేకరించారు. 2010లో ప్రచురించారు. బతికి పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో 1.09 మందికి చీలిక. అందులో నూటికి 65 మంది మగపిల్లలు. పెదవి ఒకవైపే చీలినవాళ్ళలో నూటికి 64 మందికి అది ఎడమవైపే. నా అరలో మోడళ్ళు కూడా ఎడమవే ఎక్కువ. మేనరికం చేసుకున్న దంపతుల పిల్లల్లో ఇది ఎక్కువగా ఉందని కూడా ఆ అధ్యయనం తేల్చింది. మా గోదావరి జిల్లాల్లో ఆ మాట పైకి అనడం కష్టం. మావయ్య కూతుర్ని కాదంటే పొలం గట్ల దాకా వెళ్తుంది గొడవ. అయినా మేనరికం ఇంట్లో ఒక బిడ్డ మొర్రితో పుడితే రెండో బిడ్డకి ముందు డాక్టర్ని అడగడంలో పోయేదేమీ లేదు.

చీలిక వల్ల ఒక పన్ను పోయిందంటే సరే. మిగతా పళ్ళకి చోటెందుకు చాలట్లేదు? ఇది చాలామందికి తెలియని సంగతి. దవడని సన్నం చేసేది ఎక్కువగా చీలిక కాదు, దాన్ని కుట్టిన మచ్చ. అంగిట్లో ఆపరేషన్ గాయం మానేటప్పుడు ఏర్పడే గట్టి కణజాలం సాగదు. పిల్లాడు ఎదుగుతుంటే పైదవడ వెడల్పుగా, ముందుకీ పెరగాలి. మచ్చ పెరగనివ్వదు. కిందిదవడకి ఏ అడ్డూ లేదు కాబట్టి అది పెరిగిపోతుంది. ఐదేళ్ళకి పెద్దగా తెలియని తేడా పన్నెండేళ్ళకి ముఖంలోనే తెలుస్తుంది, బుగ్గల మధ్య భాగం లోపలికి, గడ్డం ముందుకి.

దీన్ని గట్టిగా రుజువు చేసింది మన పక్కనే శ్రీలంకలో. పళ్ళ వరస సరిచేసే లండన్ ఆర్థోడాంటిస్ట్ మైకేల్ మార్స్ 1984 నుంచి గాలే పట్టణంలో పనిచేశాడు. అక్కడ ఆపరేషన్ జరగకుండానే పెద్దవాళ్ళయిన మొర్రి రోగులు చాలామంది ఉండేవారు. వాళ్ళ పళ్ళ అచ్చులు, ఎక్స్‌రేలు తీసి చూస్తే పైదవడ దాదాపు మామూలుగానే పెరిగి ఉంది. 1990లో హూస్టన్ అనే సహచరుడితో కలిసి ఆ ఫలితాలు ప్రచురించాడు. అయితే ఆపరేషన్ మానేద్దామా? మానేస్తే మాట రాదు. అంగిలి తెరిచి ఉంటే గాలి ముక్కులోంచి పోయి ‘పప్పు’ కాస్తా ‘మమ్ము’లా వినపడుతుంది. మాట నేర్చుకునే వయసు దాటాక కుడితే ఆ ముక్కు మాట సరిచేయడం చాలా కష్టం. అందుకే ఏడాది, ఏడాదిన్నర లోపే కుడతారు. మాట కోసం దవడ ఎదుగుదలని కొంత వదులుకుంటున్నామన్నమాట. నా ఉద్దేశంలో అది సరైన బేరమే. బేరం అని తల్లిదండ్రులకి ముందే చెప్పకపోవడమే బాగోలేదు.

ఆ మార్సే మరికొందరితో కలిసి 1987లో ఒక కొలబద్ద తయారుచేశాడు. లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆసుపత్రి, ఓస్లోల పేర్లు కలిపి దానికి గోస్లాన్ అని పేరు. దానికి కావలసింది ప్లాస్టర్ మోడళ్ళే, ఇంకేం అక్కర్లేదు. ఒకవైపు పూర్తి చీలిక ఉన్న పిల్లల మోడళ్ళు వరసగా పేర్చి ఒకటి నుంచి ఐదు దాకా గుంపులు చేస్తారు. ఒకటి, రెండు అయితే చిన్న చికిత్స చాలు. మూడైతే క్లిప్పులతో గట్టి పని ఉంది. నాలుగైతే క్లిప్పులకి లొంగుతుందా లేదా అన్నట్టు. ఐదైతే పెద్దయ్యాక దవడ ఎముకనే కోసి ముందుకి జరపాలి. ఒక సర్జన్ చేతి పని ఎలా ఉందో పదేళ్ళ తర్వాత పిల్లాడి పళ్ళే చెప్పేస్తాయి. మా అర చూసి నేను కూడా మనసులో అంకెలు వేసుకుంటాను. పైకి అనను, డాక్టర్లకి కోపాలొస్తాయి.

మళ్ళీ మా పిల్లాడి దగ్గరికి వద్దాం. చోటు ఎంత చాలలేదో కొలవడానికి మెత్తటి ఇత్తడి తీగ తీసుకుని ఒక వైపు మొదటి దవడపన్ను నుంచి రెండో వైపు దాకా చిగురు వంపు వెంట పరుస్తాం. ఆ పొడవు ఉన్న చోటు. రావలసిన పళ్ళ వెడల్పులు కూడితే కావలసిన చోటు. మామూలుగా పెద్ద ముందుపన్ను ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు, చిన్నది ఆరున్నర, కోరపన్ను ఏడున్నర ఉంటాయి. మొర్రి పిల్లల పళ్ళు తరచూ కాస్త చిన్నవి. ఎక్స్‌రేలో కోరపన్ను చిగురు లోపల పైకెక్కడో కనిపిస్తోంది. దానికీ, వెనక రావలసిన వాటికీ కలిపి ఆరేడు మిల్లీమీటర్లు తక్కువ పడ్డాయి. మొన పన్ను పక్కన సందు మాత్రం ఐదు మిల్లీమీటర్లు బోసిగా ఉంది.

ఆ సందు పైకి చోటులా కనిపిస్తుంది. చిగురు కింద ఎముక లేదు. పన్ను ఎముకలోనే కదులుతుంది, ఎముకలోనే నిలబడుతుంది. మన్ను లేని గట్టు మీద కొబ్బరి మొక్క పాతితే ఎలా ఉంటుందో, ఎముక లేని చోటికి క్లిప్పులతో పన్నుని లాగితే అలా ఉంటుంది. వేరు బయటపడుతుంది, పన్ను ఊగుతుంది, కొన్నాళ్ళకి ఊడుతుంది. పక్కకి తిరిగిన ముందుపన్నుని తొందరపడి నిటారుగా తిప్పినా అంతే. దాని వేరు చుట్టూ సందు వైపున ఉన్న ఎముక పొర చాలా పలచన, వేరు ఆ పొర దాటి బయటికి వచ్చేస్తుంది. ముందు పన్ను వంకరగా ఉంది, ఫోటోల్లో బాగోలేదు అని ఏడెనిమిదేళ్ళకే తిప్పించాలని తల్లిదండ్రులు ఆత్రపడతారు. ఆ వయసులో ఆ వంకర ఆ పన్నుకి కాపు.

పిల్లాడి తల్లి మా ఊరి ఆడపడుచే. మామూలుగా రోగులు లాబ్‌కి రారు గానీ, ప్లేటు తీసుకెళ్ళే వంకతో ఆవిడ ఒకసారి వచ్చి అడిగింది.

“బాబాయ్, పెదవి కుట్టేశారు, అంగిలీ కుట్టేశారు. ఇంక పళ్ళేగా? పెద్దోడయ్యాక చూసుకోవచ్చు కదా?”

“పెద్దోడయ్యాక చూసుకునేవి చాలా ఉన్నాయమ్మాయ్. ఇది మాత్రం కోరపన్ను దిగకముందే చూసుకోవాలి.”

“ఆయ్. ఎప్పుడు దిగుద్ది?”

“పదకొండు, పన్నెండేళ్ళకి.”

వేళ్ళమీద లెక్కేసుకుంది.

ఈ లెక్క గురించే నేను ఇంత రాస్తున్నది. చిగురు చీలికలో ఎముక నింపడానికి ఒక వయసుంది. ఎనిమిదికీ పదకొండుకీ మధ్య, కోరపన్ను వేరు సగం నుంచి మూడింట రెండొంతులు తయారై, పన్ను ఇంకా దిగని సమయం. తుంటి ఎముక లోపలి నుంచి మెత్తటి ఎముకని గీకి తీసి సందులో కూరి, చిగురు కప్పి కుడతారు. అమెరికాలో బోయిన్, శాండ్స్ అనేవాళ్ళు 1972లో ఈ పద్ధతి చెప్పారు. ఓస్లో బృందం 1980ల్లో ఎక్కువమంది పిల్లలకి చేసి చూపించింది. కూరిన ఎముక అక్కడి ఎముకతో కలిసిపోతే, పైనుంచి దిగే కోరపన్ను దానిలోంచే దారి చేసుకుని కిందికి వస్తుంది. పన్ను దిగుతూ తన చుట్టూ ఎముకని గట్టిపరుస్తుంది. ముక్కు పక్కన లోపలికి పడిపోయిన చోటు కూడా కాస్త నిండుతుంది. ముక్కులోకి నీళ్ళు పోయే కంత ఏదైనా మిగిలి ఉంటే అదీ మూసేస్తారు. పన్ను దిగిపోయాక చేస్తే ఇంత బాగా పట్టదు. ఇరవై ఏళ్ళకి వచ్చి అడిగేవాళ్ళకి ఎముక వేయడం కుదురుతుంది గానీ కరిగిపోయే భయం ఎక్కువ.

పెదవి కుట్టించుకోవడం ఇప్పుడు మన దగ్గర అంత కష్టం కాదు. 1999లో మొదలైన స్మైల్ ట్రైన్ సంస్థ డబ్బుతో చాలా ఆసుపత్రుల్లో ఉచితంగా చేస్తున్నారు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్న పథకం ఉంది. 2013లో కేంద్రం మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకీ బడులకీ వచ్చే బృందాలు పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల్లో చూడాల్సిన లోపాల్లో గ్రహణం మొర్రి కూడా ఉంది. బిడ్డ పుట్టగానే ఎవరో ఒకరు దారి చూపిస్తారు. పిల్లాడికి పెదవి అతికింది, అన్నం తింటున్నాడు, బడికెళ్తున్నాడు. కానీ తొమ్మిదో ఏట పిలిచి ఎముక వేయించుకో అని చెప్పేవాళ్ళు ఉండరు. ఇక్కడే చాలామంది జారిపోతారు. పెదవి అతకగానే మనం చికిత్స అయిపోయిందనుకుంటాం. ఎనిమిదో పుట్టినరోజు నాడు ఆ పిల్లాణ్ణి ఆర్థోడాంటిస్ట్‌కి చూపించమని అంగన్‌వాడీ పుస్తకంలోనో బడి రిజిస్టర్‌లోనో ఒక్క వాక్యం రాసిపెడితే సగం పని అయినట్టే అని నా నమ్మకం.

ఎముక వేయాలంటే ముందు లోపలికి ఒరిగిన చిన్న ముక్కని బయటికి తేవాలి. అక్కడ మా పని మొదలవుతుంది. మొర్రి దవడ వెనక కంటే ముందే ఎక్కువ సన్నబడుతుంది. కాబట్టి ఏ తీగ వేసినా వెనక తక్కువ, ముందు ఎక్కువ తెరుచుకునేలా వేయాలి. వెనక దంతాలకి వేసే స్టీలు పట్టీలకి 0.9 మిల్లీమీటర్ల స్టీలు తీగని టంకం పెడతాం. ఆ తీగలో నాలుగు చుట్లుంటాయి, క్వాడ్ హెలిక్స్ అంటారు. ప్లయర్‌తో చుట్టు తిప్పేటప్పుడు తీగ గీతపడితే అక్కడే విరుగుతుంది, అంగిట్లో విరిగితే పిల్లాడి నాలుక కోసుకుంటుంది. అందుకే ఈ పని నేను మధ్యాహ్నం భోజనం తర్వాత పెట్టుకోను. దీన్ని నోట్లో అతికించేస్తారు, ఇంట్లో ముట్టుకునే పని లేదు.

స్క్రూ ఉన్న ప్లేటు ఇంకో రకం. మధ్యలో చిన్న స్క్రూ, దాన్ని తిప్పడానికి సన్నటి తాళం. పావు చుట్టు తిప్పితే దాదాపు పావు మిల్లీమీటరు తెరుచుకుంటుంది. ఎన్ని రోజులకోసారి తిప్పాలో డాక్టరుగారు చెబుతారు, మచ్చ ఉన్న దవడలో నిదానంగానే తిప్పించేవాళ్ళు ఎక్కువ. బాణం గుర్తు ఎటుందో అటే తిప్పాలని నేను ఆ తల్లికి ప్లాస్టర్ మీదే నేర్పాను. తాళానికి దారం కట్టి, ఆ దారాన్ని వేలికి చుట్టుకోమన్నాను. జారి గొంతులోకి పోయిందంటే అదో పెద్ద గొడవ. దవడ తెరుచుకునేకొద్దీ చీలిక సందు ఇంకా పెద్దదవుతుంది. “ఇదేంటి బాబాయ్, మూసుకుంటుందనుకుంటే తెరుచుకుంటోంది!” అని ఆవిడ కంగారుపడింది. మొదట తెరవాలి, తర్వాతే నింపాలి. ఇది ముందే చెప్పకపోతే సగంలో ప్లేటు తీసి గూట్లో పెట్టేస్తారు.

చంటిపిల్లలకి కూడా మేం ప్లేట్లు చేస్తాం. అంగిలి చీలిన బిడ్డకి పాలు పీల్చడం కుదరదు. కొందరికి అంగిలి కప్పే చిన్న ప్లేటు సాయపడుతుంది. చిగురు ముక్కల్ని దగ్గరికి తేవడానికి, ముక్కు ఆకారం దిద్దడానికి ఇంకో ప్లేటుంది. న్యూయార్క్‌లో బారీ గ్రేసన్ 1990ల్లో తెచ్చాడు. పెదవి ఆపరేషన్‌కి ముందు నెలల్లోనే అది వేయాలి. వారం వారం వెళ్ళి కొంచెం అరగదీయించి, కొంచెం కలిపించి తెచ్చుకోవాలి. ఆసుపత్రి ఊరికి దగ్గరుంటేనే ఇది సాగుతుంది. అచ్చు తీసేటప్పుడు బిడ్డని బోర్లా పట్టుకుంటారు, ఏడవనిస్తారు. ఏడుస్తోందంటే ఊపిరి ఆడుతోందని గుర్తు. వినడానికి మనకే కష్టంగా ఉంటుంది, డాక్టరుకి అదే ధైర్యం.

మా పిల్లాడికి పదో ఏట ఎముక వేశారు. తుంటి నొప్పి పది రోజులు పెట్టిందట, నోటి నొప్పి లెక్కలోకి రాలేదట. మొన పన్నుని అంతకు ముందే డాక్టర్లు చెప్పిన సమయానికి తీశారు. ఈ మాట ఎందుకంటున్నానంటే, ఇంకో అమ్మాయి మోడల్ ఉంది నా దగ్గర. చీలిక పక్కన అదనంగా ఉన్న పన్నుని నొప్పని ఎక్కడో ఎవరో పీకేశారు. పన్ను పోయాక దాని చుట్టూ ఉన్న కాస్త ఎముకా కరిగిపోయి సందు నిట్టనిలువుగా దిగిపోయింది. మొర్రి పిల్లలకి చీలిక దగ్గరున్న పన్ను, అది పాలపన్నైనా వంకర పన్నైనా, మొర్రి చికిత్స చేస్తున్నవాళ్ళని అడగకుండా పీకించొద్దు. పుచ్చు రాకుండా చూసుకోవడం ఇంకా మంచిది. అక్కడ గాయమవుతుందని తల్లులు బ్రష్ ఆ పక్కకి పోనివ్వరు. చిన్న తల ఉన్న మెత్తటి బ్రష్, ఫ్లోరైడ్ పేస్ట్, పెదవిని వేలితో ఎత్తి పట్టుకుని సందు లోపలి వైపు కూడా తోమాలి. పుచ్చుపళ్ళు ఉన్న నోట్లో ఎముక వేయడానికి సర్జన్లు ఒప్పుకోరు.

పన్నెండు దాటాక ఆ పిల్లాడి కోరపన్ను కొత్త ఎముకలోంచే దిగింది. తర్వాత క్లిప్పులు. అప్పుడు ఒక నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. లేని చిన్న ముందుపన్ను చోటులోకి కోరపన్నుని జరిపి, మొన అరగదీసి, ముందుపన్నులా దిద్దాలా? లేక కోరపన్నుని దాని చోటులోనే ఉంచి, మధ్యలో ఆరున్నర మిల్లీమీటర్ల చోటు కాపాడుకుంటూ, పెద్దయ్యాక కృత్రిమ పన్ను పెట్టించాలా? ఇంప్లాంట్ అయితే ఎదుగుదల ఆగేదాకా ఆగాలి, ఆడపిల్లలకి పదిహేడు పద్దెనిమిది, మగపిల్లలకి ఇంకొంచెం ఎక్కువ. ముందే పెడితే చుట్టూ దవడ పెరిగి ఆ పన్నొక్కటే పైకి ఉండిపోతుంది. అంతదాకా మేం చేసే ప్లేటు మీద ఒక పన్ను అతికించి ఇస్తాం. ఆ తల్లిదండ్రులు మొదటిది ఎంచుకున్నారు. నేనైనా అదే ఎంచుకునేవాణ్ణి. సొంత పన్ను ఉండగా ఆ ఖర్చూ, ఆ ఎదురుచూపూ ఎందుకు? కోరపన్ను రంగు కాస్త పసుపు, మెడ దగ్గర కాస్త లావు, దగ్గరగా చూస్తే తెలుస్తుంది. దూరానికి తెలీదు.

అందరికీ ఇంత సాఫీగా జరగదు. రెండువైపులా చీలిన పిల్లల్లో పైదవడ ముందు ముక్క ఊగుతూ ఉంటుంది, ఇరువైపులా ఎముక వేయాలి. కొందరికి క్లిప్పులతో పళ్ళు కలవవు, పద్దెనిమిది తర్వాత పైదవడని కోసి ముందుకి తేవాల్సిందే. అలాంటి వాళ్ళకి అంతకు ముందే క్లిప్పులతో పళ్ళని దిద్ది దవడ తేడాని దాచిపెడితే అసలు పని పాడవుతుంది. చిన్నప్పుడే ఎవరో ఒకరు దవడ మొత్తం లెక్క చూసి చెప్పాలి. దానికోసం హైదరాబాదే పోనక్కర్లేదు. అమలాపురంలో కిమ్స్ డెంటల్ కాలేజీ ఉంది, రాజమండ్రి దగ్గర జీఎస్ఎల్, లెనోరా, భీమవరంలో విష్ణు డెంటల్ కాలేజీ ఉన్నాయి. డెంటల్ కాలేజీ అంటే ఆర్థోడాంటిక్స్ విభాగం ఉన్నట్టే. మొదటి అచ్చు, ఎక్స్‌రే, సలహా అక్కడ తీసుకోవచ్చు. పెద్ద ఆపరేషన్‌కి ఎక్కడికి పంపాలో వాళ్ళకి తెలుస్తుంది. రోజు కూలి పోగొట్టుకుని తిరిగే తల్లిదండ్రులకి ఒక చోటే, ఒకే రోజు అన్ని విభాగాలూ చూసేలా ఏర్పాటు చేసుకోమని డాక్టర్లని అడగండి. అడిగితే చాలామంది కాదనరు.

క్లిప్పులు తీసేశాక ఇచ్చే రిటైనర్ ప్లేటు గురించి చెప్పాలి. మామూలు వాళ్ళకి కూడా అది కావాలి గానీ, మొర్రి దవడకి దాదాపు జీవితాంతం కావాలి. అంగిట్లో మచ్చ అలాగే ఉంది, అది లాగుతూనే ఉంటుంది. ప్లేటు నెల రోజులు పెట్టుకోకపోతే వెడల్పు చేసిన దవడ వెనక్కి మూసుకోవడం మొదలవుతుంది. మోడల్ మీద చూస్తే మిల్లీమీటర్లలో తెలుస్తుంది, పిల్లాడికి మాత్రం ప్లేటు బిగుతుగా అనిపిస్తుంది. బిగుతుగా ఉందని తీసి పారేయడం కాదు, బిగుతుగా ఉన్నరోజే పెట్టుకుని డాక్టరుకి చూపించాలి. వేడినీళ్ళలో కడిగితే యాక్రిలిక్ వంకరపోతుంది, చన్నీళ్ళలో సబ్బు బ్రష్‌తో కడగాలి. అన్నం తినేటప్పుడు టిష్యూలో చుట్టి పెట్టి చెత్తలో పారేసుకునేవాళ్ళు ఎక్కువ, కాబట్టి డబ్బాలో పెట్టడం అలవాటు చేయాలి. విరిగితే ముక్కలు తెచ్చిస్తే అతికిస్తాం. పోగొట్టుకుంటే ఎదురుచూడకుండా కొత్త అచ్చు ఇప్పించండి. పాత మోడల్ నా అరలో ఉన్నా, దవడ అప్పటిలా ఉండదు కాబట్టి దానిమీద చేసిన ప్లేటు నోట్లో కూర్చోదు.